స్పోర్ట్స్ న్యూస్ ఏపీఐ డైరీ: ఒక లైన్ కోడ్, 132 కాల్స్

12 జట్ల వార్తలను ఒక స్పోర్ట్స్ న్యూస్ డేటా సర్వీసు నుంచి పైథాన్ లైబ్రరీతో తెచ్చి, సొంత డేటాబేస్‌లో పెట్టుకునే చిన్న స్క్రిప్ట్ ఇది. సర్వీసు పేరు, లైబ్రరీ పేరు రాయడం లేదు. ఇందులో ఎదురైన తిప్పలు ఏ న్యూస్ ఏపీఐతో (ఒక ప్రోగ్రామ్ సర్వీసును డేటా అడిగే దారి) పని చేసేవాళ్లకైనా ఎదురయ్యేవే. అంకెలు మాత్రం నా ప్లాన్‌వి: రోజుకు 1000 కాల్స్ (సర్వర్‌ను ఒకసారి అడిగితే ఒక కాల్), సెకనుకు ఒకటి, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి కోటా మళ్లీ మొదలు. మీ ప్లాన్ వేరైతే ఆ అంకెలు మార్చి లెక్క వేసుకోండి.

వాడినవి: పైథాన్ (3.10తో మొదలై 3.11కి మారింది, కారణం దశ 5లో ఉంది), లైబ్రరీ లోపల వాడుకునే రిక్వెస్ట్స్ (నెట్‌లో రిక్వెస్టులు పంపే పైథాన్ ప్యాకేజీ), దాని కింద ఉండే యూఆర్‌ఎల్‌లిబ్3, డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్.

దశ 0: కోడ్ రాయకముందు

1. ప్రాజెక్టుకు విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్.
2. లైబ్రరీ వెర్షన్ కచ్చితంగా ఒక్క అంకెకే ఫిక్స్. ఈ లైబ్రరీ ఇంకా సున్నాతో మొదలయ్యే వెర్షన్లలోనే ఉంది. సెమాంటిక్ వెర్షనింగ్ (వెర్షన్ అంకెలు ఎలా ఇవ్వాలో చెప్పే పద్ధతి) నియమం ప్రకారమే అలాంటి వాటిలో ఎప్పుడైనా ఏదైనా మారొచ్చు.
3. ఏపీఐ కీ (సర్వీసు మనల్ని గుర్తుపట్టే రహస్య కోడ్) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో. కోడ్‌లో కాదు, గిట్‌లో అసలే కాదు.
4. సర్వర్ నుంచి వచ్చిన ప్రతి జవాబునూ ఏమీ మార్చకుండా ఒక ఫోల్డర్‌లో ఫైలుగా దాచాలి. పేరులో సమయం, ఏ కాల్ అన్నది ఉంటే చాలు.

నాలుగోది దండగ పనిలా కనిపిస్తుంది. కింద రాసిన సమస్యల్లో సగం ఆ ఫోల్డర్ వల్లే తేలాయి. లైబ్రరీ ఇచ్చే ఆబ్జెక్టులు చూస్తే లైబ్రరీ ఏమనుకుంటోందో తెలుస్తుంది. సర్వర్ ఏం పంపిందో తెలియాలంటే పచ్చి జవాబే చూడాలి. ఒక్క జాగ్రత్త: సర్వీసు షరతులు చదవండి. నా ప్లాన్‌లో వార్త పూర్తి పాఠాన్ని 24 గంటలకు మించి ఉంచుకోకూడదు. కాబట్టి ఫోల్డర్‌ను రోజూ ఖాళీ చేసే పని కూడా మొదటే పెట్టాను.

కీ విషయంలో మూడో నియమం ఒక్కటే సరిపోలేదు. ఈ లైబ్రరీ కీని యూఆర్‌ఎల్ చివర ప్రశ్న గుర్తు తర్వాత అతికించి పంపుతుంది. నెట్ పోయినప్పుడు వచ్చే ఎర్రర్ మెసేజ్‌లో ఆ యూఆర్‌ఎల్ మొత్తం ఉంటుంది. లాగ్ ఫైలు తెరిస్తే కీ అక్షరం అక్షరం కళ్లెదుటే ఉంది. సర్వీసు డాక్యుమెంటేషన్‌లో కీని హెడర్‌లో (రిక్వెస్టుతో, జవాబుతో పాటు వెళ్లే అదనపు సమాచారం) కూడా పంపొచ్చని ఉంది. రిక్వెస్ట్స్ సెషన్ (రిక్వెస్టులన్నిటికీ ఉమ్మడి సెట్టింగ్స్ ఉంచే ఆబ్జెక్టు) హెడర్‌లో కీ పెట్టి, లైబ్రరీకి ఖాళీ కీ ఇచ్చాను. పాత కీ రద్దు చేసి కొత్తది తీసుకున్నాను. లాగ్‌లో కీ కనిపిస్తే చుక్కలుగా మార్చే ఒక ఫిల్టర్ కూడా రాశాను.

దశ 1: కాల్స్ లెక్క

కాగితం మీద వేసిన లెక్క ఇది. ఒక జట్టుకు ఒక కాల్ అనుకున్నాను.

- 5 నిమిషాలకోసారి: రోజుకు 288 రౌండ్లు × 12 = 3456. కుదరదు.
- 15 నిమిషాలకోసారి: 96 × 12 = 1152. ఇదీ దాటింది.
- 20 నిమిషాలకోసారి: 72 × 12 = 864. సరిపోతుంది, 136 మిగులు.

20 నిమిషాలతో యూటీసీ అర్ధరాత్రికి మొదలుపెడితే, 2 గంటల 20 నిమిషాలకు మొదలైన రౌండ్ మధ్యలో 429 వచ్చింది. 'మరీ ఎక్కువ రిక్వెస్టులు' అని చెప్పే స్టేటస్ కోడ్ అది. నా లెక్క ప్రకారం అప్పటికి వందకు కూడా చేరి ఉండకూడదు.

ఇక్కడ ఎవరైనా ముందు తమ కోడ్ చదువుతారు. అందులో ఏమీ దొరకదు, ఎందుకంటే కోడ్‌లో ఉన్నది ఒకే లూప్: జట్టు వార్తలు అడుగు, ఒక్కోదాని శీర్షిక, జట్టు పేరు రాసుకో. లెక్కపెట్టాల్సింది కోడ్‌లోని లైన్లను కాదు, నెట్‌వర్క్ మీదికి వెళ్లిన రిక్వెస్టులను. రెండు మార్గాలున్నాయి:

1. రిక్వెస్ట్స్ సెషన్‌కు 'రెస్పాన్స్ హుక్' ఉంటుంది. జవాబు వచ్చిన ప్రతిసారీ అది నడుస్తుంది. అందులో ఒక కౌంటర్, యూఆర్‌ఎల్ రాసే ఒక లైన్ పెట్టాలి. మన సెషన్‌ను లైబ్రరీకి ఇవ్వనిస్తేనే ఇది కుదురుతుంది. లైబ్రరీ ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఇదే.
2. లైబ్రరీ సెషన్ ఇవ్వనివ్వకపోతే, యూఆర్‌ఎల్‌లిబ్3 లాగింగ్‌ను డీబగ్ స్థాయికి పెంచాలి. ప్రతి ప్రయత్నానికీ ఒక లైన్ వస్తుంది. హుక్‌కు కనబడని లోపలి రిట్రైలు (విఫలమైతే మళ్లీ చేసే ప్రయత్నాలు) కూడా ఇందులో కనబడతాయి.

హుక్ పెట్టాక గుట్టు బయటపడింది. ఒక జట్టుకు వెళ్తున్నది ఒక కాల్ కాదు, 11. జాబితా కోసం ఒకటి. జాబితాలోని 10 వార్తల్లో ఒక్కోదానికి జట్టు పేరు ముట్టుకున్నప్పుడల్లా మరొకటి. వార్త ఆబ్జెక్టులో 'టీమ్' మామూలు ఫీల్డ్‌లాగే కనిపిస్తుంది. కానీ దాన్ని చదివిన క్షణంలో లైబ్రరీ లోపల సర్వర్‌కు ఫోన్ కొడుతుంది. అదే జట్టు వివరాలను అదే రౌండ్‌లో పదిసార్లు అడిగి తెస్తోంది.

12 × 11 = 132. ఒక రౌండ్‌కు 132 కాల్స్.

ఏడు రౌండ్లకు 924. ఎనిమిదో రౌండ్‌కు మిగిలినవి 76. జట్టుకు 11 చొప్పున ఆరు జట్లు పూర్తయి, ఏడో జట్టు చివరి వార్త దగ్గర ఆగిపోయింది. అంటే జాబితాలో చివరున్న ఐదు జట్లకు ఎప్పుడూ ఒక రౌండ్ తక్కువ. స్క్రీన్ చూస్తే ఆ జట్ల గురించి ఎవరూ వార్తలు రాయడం లేదేమో అనిపిస్తుంది. కోటా అయిపోవడం ఒక ఎర్రర్‌గా కాకుండా ఇలా కొన్ని జట్ల మౌనంగా కనిపించడం అన్నిటికంటే ప్రమాదం.

ఇంకో సంగతి. జాబితా మీద లూప్ తిప్పితే ఈ లైబ్రరీ తర్వాతి పేజీని అడగకుండానే తెచ్చుకుంటుంది. పది వార్తల దగ్గర లూప్ ఆపకపోతే పాత వార్తల చివరి పేజీ దాకా పోతూనే ఉంటుంది. నా కోడ్‌లో పదికి ఆపే లైన్ ఉండబట్టి అంతవరకు రాలేదు.

మార్పులు, వచ్చిన వరుసలో:

1. జట్ల వివరాలు ఒక్కసారి తెచ్చి సొంత టేబుల్లో పెట్టాను. వార్తలో ఉన్న జట్టు ఐడీతో దాన్ని కలుపుతున్నాను. 'టీమ్' ఫీల్డ్ ముట్టుకోవడం మానేశాను. రౌండ్‌కు 132 నుంచి 12.
2. పేజీ పరిమాణం 10 నుంచి 50కి పెంచాను. సర్వీసు ఇచ్చే గరిష్ఠం అదే. కాల్ ధర ఒకటే, వచ్చే సరుకు ఐదింతలు.
3. డాక్యుమెంటేషన్ అడుగున ఒక వాక్యం దొరికింది: ఒక కాల్‌లో కామాలతో ఐదు జట్ల ఐడీలు ఇవ్వొచ్చు. లైబ్రరీలో దీనికి ఫంక్షన్ లేదు. అది వాడుకునే అదే సెషన్‌తో నేరుగా రిక్వెస్టు పంపాను. 5 + 5 + 2, మొత్తం మూడు కాల్స్.

లెక్క ఇప్పటికి: రౌండ్‌కు 3. ఐదు నిమిషాలకోసారి 288 × 3 = 864. మిగులు 136.

ఇరవై నిమిషాలకు ఖర్చవుతుందనుకున్న కోటాతోనే ఐదు నిమిషాల వార్తలు వస్తున్నాయి.

దశ 2: ఆగిపోయిన స్క్రిప్ట్

స్క్రిప్ట్ బతికే ఉంది, ఎర్రర్ లేదు, కొత్త వార్త ఒక్కటీ రాలేదు. ఇలా రెండు వేర్వేరు కారణాలకు జరిగింది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది టైమవుట్. రిక్వెస్ట్స్‌లో మనం చెప్పకపోతే టైమవుట్ ఉండదు, జవాబు వచ్చేదాకా కూర్చుంటుంది. లైబ్రరీ కూడా ఏమీ పెట్టలేదు. కనెక్ట్ అవడానికి 3.05 సెకన్లు, చదవడానికి 20 సెకన్లు పెట్టాను. 3.05 వింతగా ఉంటుంది గానీ, మూడు సెకన్ల గుణిజం కంటే కాస్త ఎక్కువ పెట్టమని రిక్వెస్ట్స్ డాక్యుమెంటేషనే చెబుతుంది. టీసీపీ ప్యాకెట్ మళ్లీ పంపే వ్యవధిని బట్టి వచ్చిన అంకె అది. రెండో అంకె మొత్తం సమయానికి కాదు, ఒక బైట్ ముక్కకూ తర్వాతి ముక్కకూ మధ్య ఉండే నిశ్శబ్దానికి. సర్వర్ చుక్క చుక్కగా పంపుతూ ఉంటే 20 సెకన్లు దాటినా కాల్ తెగదు.

రెండోదే అసలు తంటా. 429తో పాటు సర్వర్ 'రిట్రై-ఆఫ్టర్' అనే హెడర్ పంపుతుంది, ఎన్ని సెకన్లు ఆగాలో చెబుతూ. 2 గంటల 20 నిమిషాలు దాటాక కోటా అయిపోతే, అర్ధరాత్రి దాకా మిగిలింది దాదాపు 78 వేల సెకన్లు. యూఆర్‌ఎల్‌లిబ్3 ఆ హెడర్‌ను బుద్ధిగా గౌరవించి, చెప్పినంతసేపూ నిద్రపోయింది. 21 గంటలకు పైగా.

సరే, రిట్రై చేయాల్సిన కోడ్ల జాబితా నుంచి 429 తీసేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. తీసేశాను, అయినా నిద్రపోయింది. యూఆర్‌ఎల్‌లిబ్3 రిట్రై క్లాస్ సోర్స్ చదివితే విషయం తెలిసింది: జవాబులో రిట్రై-ఆఫ్టర్ హెడర్ ఉండి, కోడ్ 413, 429, 503లలో ఒకటైతే, మన జాబితాలో లేకపోయినా అది మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ హెడర్‌ను గౌరవించాలా వద్దా అనే సెట్టింగ్ విడిగా ఉంది. దాన్ని 'ఫాల్స్' చేస్తేనే ఆగింది.

ఇప్పుడు 429 వస్తే జరిగేది:

1. రౌండ్ అక్కడికక్కడే ముగుస్తుంది.
2. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చో ఆ సమయం ఒక ఫైలులో పడుతుంది.
3. స్క్రిప్ట్ బయటికి వచ్చేస్తుంది. తర్వాతి రౌండ్ ముందు ఆ ఫైలు చూసుకుంటుంది.
4. స్క్రీన్ పైన 'వార్తలు ఇన్ని గంటల నాటివి' అని ఎర్రగా కనిపిస్తుంది.

రిట్రైల విషయంలోనే ఇంకో గుణకారం ఉంది. లైబ్రరీ తనంతట తాను మూడుసార్లు ప్రయత్నిస్తుంది. దాని కింద సెషన్‌కు నేను పెట్టిన రిట్రై మూడు, అంటే మొదటి ప్రయత్నంతో కలిపి నాలుగు. సర్వర్ పడిపోయి 503 ఇస్తుంటే ఒక్క కాల్ 3 × 4 = 12 కాల్స్ అవుతుంది. విఫలమైన కాల్స్‌ను కూడా ఈ సర్వీసు కోటాలోనే కోస్తుంది. లైబ్రరీ రిట్రైని సున్నా చేశాను, సెషన్‌లో రెండు ఉంచాను. రిట్రై అనేది ఒక్క అంతస్తులోనే ఉండాలి, అది ఏదైనా సరే.

సరిగ్గా గంట కొట్టగానే మొదలయ్యే స్క్రిప్టులు లోకంలో చాలా ఉంటాయి. నాదాన్ని రెండు నిమిషాలు పక్కకు జరిపాను. గంట మొదట్లో వచ్చే 503లు తగ్గాయి.

దశ 3: ఈట్యాగ్, పెట్టి తీసేసింది

ఈట్యాగ్ అంటే జవాబు మారిందా లేదా చూసుకోవడానికి సర్వర్ ఇచ్చే గుర్తు. దాన్ని తిరిగి పంపితే, మార్పు లేనప్పుడు సర్వర్ ఖాళీ 304 ఇస్తుంది. గిట్‌హబ్ ఏపీఐలో కీతో పంపే ఇలాంటి కాల్స్‌కు 304 వస్తే కోటా తగ్గదు, అదే ఆశతో పెట్టాను. ఇక్కడ తగ్గుతోంది, మిగులు చెప్పే హెడర్‌లో చూస్తే తెలిసిపోయింది. పైగా లైబ్రరీ ఖాళీ జవాబును జేసన్‌గా (డేటాను టెక్స్ట్‌గా పంపే రూపం) చదవబోయి పడిపోతోంది. ఆదా అయ్యేది కొన్ని కిలోబైట్లు. తీసేశాను.

దశ 4: జరిగిపోయే పేజీలు

పెద్ద మ్యాచ్ ముగిశాక పది నిమిషాల్లో వార్తలు వరదలా వస్తాయి. మొదటి పేజీ 1 నుంచి 50. అది తెచ్చి రెండో పేజీ అడిగేలోపు మూడు కొత్త వార్తలు పడితే, 48, 49, 50 స్థానాల్లో ఉన్నవి కిందికి జరిగి రెండో పేజీలో మళ్లీ వస్తాయి. ఐడీ మీద యూనిక్ నియమం (ఒకే ఐడీని రెండుసార్లు చేరనివ్వనిది) ఉంటే దీనితో నష్టం లేదు.

ఎదురు దిశలో జరిగితేనే నష్టం. సర్వీసు రెండు వార్తలను వెనక్కి తీసుకుందనుకోండి. 51, 52 స్థానాల్లో ఉన్నవి పైకి ఎక్కి మొదటి పేజీలోకి వెళ్లిపోతాయి. మొదటి పేజీ మన దగ్గర ఇప్పటికే ఉంది, రెండో పేజీలో అవి లేవు. ఆ రౌండ్‌లో ఇక అవి రావు.

రెండో పేజీని 50 నుంచి కాకుండా 40 నుంచి అడిగితే చాలావరకు పోతుంది. నేను దాన్ని కూడా వదిలేసి 'ఈ సమయం తర్వాత మారినవి' అనే ఫిల్టర్‌కు మారాను. ఇందులో రెండు జాగ్రత్తలు:

1. ఆ సమయం మన కంప్యూటర్ గడియారం నుంచి తీసుకోకూడదు. ఇప్పటిదాకా వచ్చిన వార్తల్లో అన్నిటికంటే కొత్త 'అప్‌డేట్' సమయమే ఆధారం.
2. దానికంటే 15 నిమిషాలు వెనక నుంచి అడగాలి. కొన్ని వార్తలు వాటి సమయం కంటే ఆలస్యంగా జాబితాలోకి ఎక్కుతాయి.

లెక్క ఇప్పటికి: మామూలు రోజు 864. రెండో పేజీ అవసరం పడేది అరుదు, దానికి విడిగా లెక్క వేయలేదు.

దశ 5: సమయాలు

వార్తల సమయాలు ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రామాణిక రూపంలో, చివర యూటీసీని సూచించే 'జెడ్' అక్షరంతో వస్తాయి. పైథాన్ 3.10 దాకా 'ఫ్రమ్ ఐఎస్ఓ ఫార్మాట్' అనే ఫంక్షన్ ఆ జెడ్‌ను చూడగానే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. 3.11లో చదువుతుంది. వెర్షన్ మార్చడానికి అంతకంటే కారణం లేదు.

కొన్ని పాత ఫీడ్లలో జెడ్ లేదు, ఆఫ్‌సెట్ (యూటీసీకి ఎంత తేడా అన్నది) లేదు. అవి ప్రచురించిన ఊరి స్థానిక సమయాలు. లండన్‌లో అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారం గంట వెనక్కి వెళ్తుంది, 1:30 రెండుసార్లు వస్తుంది. 1:40కి వచ్చిన వార్తను సవరించి 1:10 ముద్రతో మళ్లీ పంపితే, సవరణే పాతదిలా కనిపిస్తుంది. దశ 8లో 'కొత్తదైతేనే రాయి' అనే షరతు ఉంది కాబట్టి సవరణ బయటే ఉండిపోతుంది. ఆఫ్‌సెట్ లేని ఫీడ్లను జాబితా నుంచి తొలగించాను.

వార్తల సమయాలు యూటీసీలో దాచాను. రాబోయే మ్యాచ్‌లకు మాత్రం స్థానిక సమయం, టైమ్‌జోన్ పేరు రెండూ దాచాను. అక్కడి గడియారం నియమాలు మారితే మ్యాచ్ స్థానిక సమయానికే జరుగుతుంది, యూటీసీ అంకె మారిపోతుంది.

దశ 6: పేర్లు, కోడ్లు

లైబ్రరీలో పేరుతో జట్టును వెతికే ఫంక్షన్ ఉంది. 'రేంజర్స్' అని అడిగితే మొదట దొరికినది ఇచ్చేస్తుంది. గ్లాస్గోలో రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు, టెక్సస్‌లో రేంజర్స్ బేస్‌బాల్ జట్టు, న్యూయార్క్‌లో రేంజర్స్ ఐస్ హాకీ జట్టు. 'జెయింట్స్', 'కార్డినల్స్', 'కింగ్స్' కథలూ ఇంతే. పేరుతో వెతకడం పూర్తిగా మానేశాను. 12 ఐడీలు చేత్తో చూసి, ఒక ఫైలులో రాసి పెట్టాను.

జాతీయ జట్లకు జెండా బొమ్మ పెట్టబోతే మూడక్షరాల కోడ్లు అడ్డం తిరిగాయి. క్రీడల్లో జర్మనీ జీఈఆర్, ఐఎస్ఓ దేశాల కోడ్ల పట్టికలో డీఈయూ. నెదర్లాండ్స్ ఎన్ఈడీ, అక్కడ ఎన్ఎల్‌డీ. స్విట్జర్లాండ్ ఎస్‌యూఐ, అక్కడ సీహెచ్ఈ. ఇవి పట్టిక రాసుకుంటే తీరేవి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ ఫుట్‌బాల్‌లో నాలుగు జట్లు, ఐఎస్ఓలో అన్నీ కలిపి ఒకే దేశం. వెస్టిండీస్ అసలు దేశమే కాదు. జట్టును దేశంగా చూడటం ఆపేసి, జట్టుకు జట్టుగానే ఒక టేబుల్ పెట్టాను.

ఒక రోజు ఆటగాళ్ల పేర్లు చెడిపోయి వచ్చాయి. ఎంబాపే పేరు లాటిన్ లిపిలో రాస్తే చివరి అక్షరం మీద ఒరగు గీత ఉంటుంది. దాని బదులు అలలాంటి గీత ఉన్న పెద్ద ఏ, పక్కనే కాపీరైట్ గుర్తు కనిపించాయి. రెండు బైట్ల యూటీఎఫ్-8 అక్షరాన్ని ఎవరో ఒక్కో బైట్‌ను ఒక్కో అక్షరంగా చదివారన్నమాట. పచ్చి ఫైలు చూస్తే బైట్లు సరిగ్గానే ఉన్నాయి. జవాబు హెడర్‌లో మాత్రం జేసన్ అని కాకుండా మామూలు టెక్స్ట్ అని ఉంది, ఎన్‌కోడింగ్ చెప్పలేదు. అలాంటప్పుడు రిక్వెస్ట్స్ ఐఎస్ఓ-8859-1 అనుకుంటుంది. లైబ్రరీ ఆ టెక్స్ట్‌ను తీసుకుని జేసన్‌గా మారుస్తోంది. బైట్లను నేరుగా జేసన్ పార్సర్‌కు ఇచ్చాక పేర్లు కుదురుకున్నాయి. పోల్చే ముందు పేర్లను ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (యూనికోడ్‌లో అక్షరాన్నీ దాని మీది గుర్తునూ కలిపి రాసే పద్ధతి) మార్చడం కూడా అవసరం, లేకపోతే కళ్లకు ఒకేలా ఉన్న రెండు పేర్లు కోడ్‌కు వేర్వేరు.

దశ 7: 19.5 ఓవర్లు

వార్తతో పాటు మ్యాచ్ సారాంశం ఒక చిన్న ముక్కగా వస్తుంది: పరుగులు, వికెట్లు, ఓవర్లు. లైబ్రరీ ఓవర్లను దశాంశ సంఖ్యగా మార్చి ఇస్తుంది. క్రికెట్ చూసేవాళ్లకు ఇక్కడే అర్థమైపోతుంది.

160 పరుగులు, 19.5 ఓవర్లు. దశాంశంగా భాగిస్తే రన్‌రేట్ 8.21. కానీ 19.5 అంటే పంతొమ్మిదిన్నర కాదు, 19 ఓవర్ల 5 బంతులు, అంటే 119 బంతులు. 160ని 119తో భాగించి ఆరుతో గుణిస్తే 8.07. బౌలర్ల లెక్క కూడితే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఇద్దరు చెరో 3.4 ఓవర్లు వేస్తే కంప్యూటర్ 6.8 అంటుంది. 22 బంతులు, 22 బంతులు, మొత్తం 44, అంటే 7.2 ఓవర్లు. పాయింట్ తర్వాత 8 అనే అంకె క్రికెట్ స్కోరులో ఉండనే ఉండదు.

ఆ 160కి జట్టు ఆలౌట్ అయిందనుకోండి. 20 ఓవర్ల మ్యాచ్‌లో నెట్ రన్‌రేట్‌కు ఆలౌట్ అయిన జట్టు పూర్తి 20 ఓవర్లూ ఆడినట్టే లెక్క. అప్పుడు అది 8.00. ఒకే ఇన్నింగ్స్‌కు మూడు అంకెలు. 8.21 మాత్రం ఎందుకూ పనికిరానిది, లైబ్రరీ ఇస్తున్నది అదే.

చేసినవి:

1. ఓవర్లను పచ్చి జేసన్ నుంచి టెక్స్ట్‌గానే తీసుకోవాలి. జేసన్ పార్సర్‌కు దశాంశాలను టెక్స్ట్‌గా ఉంచమని చెప్పే సెట్టింగ్ పైథాన్‌లో ఉంది.
2. చుక్క దగ్గర విడగొట్టి, ముందున్నది ఆరుతో గుణించి, వెనకున్నది కలపాలి. డేటాబేస్‌లో ఉండేది బంతుల సంఖ్య మాత్రమే.
3. చుక్క వెనక 5 కంటే పెద్ద అంకె వస్తే వరుసను పక్కన పెట్టి లాగ్ చేయాలి.
4. ఆరు అన్నది కోడ్‌లో గట్టిగా రాయకూడదు. 'ది హండ్రెడ్' టోర్నీలో లెక్క బంతుల్లోనే, ఐదేసి బంతుల చొప్పున సాగుతుంది.

దశ 8: సవరణలు, వెనక్కి తీసుకున్న వార్తలు

క్రీడా వార్త మొదటిసారి వచ్చినట్టే ఉండదు. గోల్ కొట్టింది ఎవరన్నది మారుతుంది, గాయం వివరం మారుతుంది, శీర్షిక మారుతుంది. ఎస్‌క్యూలైట్‌లో రాసే మూడు పద్ధతులు చూశాను.

'ఇన్సర్ట్ ఆర్ ఇగ్నోర్' మొదట వచ్చిన శీర్షికనే పట్టుకుని కూర్చుంటుంది. 'ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్' పాత వరుసను చెరిపి కొత్తది రాస్తుంది. నా టేబుల్లో ఐడీ టెక్స్ట్ కాబట్టి లోపలి రోఐడీ (ఎస్‌క్యూలైట్ ఒక్కో వరుసకు ఇచ్చే అంకె) మారిపోయి వెతుకులాట సూచిక తప్పింది, 'చదివేశాను' అన్న గుర్తు కూడా పోయింది. మూడోది 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్'. ఇది ఎస్‌క్యూలైట్ 3.24 వెర్షన్ నుంచి ఉంది. వచ్చినదాని అప్‌డేట్ సమయం ఉన్నదానికంటే కొత్తదైతేనే శీర్షిక, సారాంశం మార్చమన్నాను. మిగతా గడులు ముట్టుకోదు. ఇదే ఉంచాను.

వెనక్కి తీసుకున్న వార్త జాబితాలో ఇక కనిపించదు, అంతే. మన దగ్గర మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. వార్తా సంస్థల ప్రమాణాలు చూసే ఐపీటీసీ వారి ఎన్‌ఐఎన్‌జేఎస్ ఫార్మాట్‌లో వార్త స్థితికి ఒక ఫీల్డ్ ఉంది, అందులో 'క్యాన్సెల్డ్' అనే విలువ ఉంటుంది. ఈ సర్వీసులో అలాంటిది లేదు. ఐడీతో విడిగా అడిగితే 410 ('తీసేశాం') వస్తుంది, కొన్నిసార్లు 404 ('దొరకలేదు').

మిగిలిన 136 కాల్స్‌లో గంటకు నాలుగు దీనికి కేటాయించాను: 24 × 4 = 96. స్క్రీన్ మీద పైన ఉన్నవాటిలో ఎక్కువసేపటి నుంచి సరిచూడని వార్తను ముందు అడుగుతుంది. 410 వస్తే వెంటనే దాస్తుంది. 404 వస్తే మరుసటి గంట ఇంకోసారి అడిగి, అప్పుడూ అదే వస్తే దాస్తుంది.

లెక్క ఇప్పటికి: 864 + 96 = 960. మిగులు 40.

దశ 9: లైబ్రరీ చుట్టూ గోడ

ఇప్పుడు లైబ్రరీలో నేను వాడుతున్నవి రెండే ఫంక్షన్లు: ఒక వార్తను ఐడీతో తేవడం, జట్ల జాబితా తేవడం. మిగతా అంతా అదే సెషన్‌తో నేరుగా నడుస్తోంది. తీసిపారేయొచ్చు కదా అంటే, ఎర్రర్లను క్లాసులుగా విడదీసే పని అది బాగా చేస్తుంది, అందుకే ఉంచాను.

కానీ లైబ్రరీ ఆబ్జెక్టులు ఒక్క ఫైలు దాటి బయటికి రావు. ఆ ఫైలు నుంచి బయటికి వచ్చేవి ఐడీ, శీర్షిక, సారాంశం, లింక్, రెండు సమయాలు, జట్ల ఐడీలు, మ్యాచ్ ముక్క ఉంటే పరుగులు, వికెట్లు, బంతులు. సర్వీసు రేపు మూతపడినా మార్చాల్సింది ఆ ఒక్క ఫైలే. ఇది ఊరికే పడే టెన్షన్ కాదు. ఈఎస్‌పీఎన్ అంత సంస్థ కూడా అందరికీ తెరిచిన తన ఏపీఐని 2014 డిసెంబరులో మూసేసింది. దాని మీద కట్టుకున్నవాళ్లంతా వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

దాచిన పచ్చి జవాబుల నుంచి కొన్నిటిని, వార్తల పాఠం తీసేసి, టెస్టుల ఫోల్డర్‌కు మార్చాను: జెడ్ లేని సమయం, టెక్స్ట్ అని చెప్పుకున్న జేసన్, 19.5 ఓవర్లు, ఖాళీ 304, 429. లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు నెట్ లేకుండానే వీటిని నడిపి చూస్తాను. టెస్టులకు కోటా ఖర్చు సున్నా.

దశ 10: మ్యాచ్ రోజు

మ్యాచ్ జరిగే మూడు గంటలూ మూడు నిమిషాలకోసారి కావాలి. 60 రౌండ్లు × 3 = 180. మిగతా 21 గంటలు ఐదు నిమిషాలకోసారి అయితే 252 × 3 = 756. సరిచూసే 96 కలిపితే 1032, కోటా దాటింది. మిగతా సమయాన్ని ఆరు నిమిషాలకు మార్చితే 210 × 3 = 630.

- ఒక మ్యాచ్: 180 + 630 + 96 = 906. మిగులు 94.
- రెండు మ్యాచ్‌లు, వేర్వేరు వేళల్లో: 360 + 540 + 96 = 996. మిగులు 4.

నాలుగు కాల్స్ మిగులుతో నడపడం కుదరదు, రెండు 503లు వస్తే రిట్రైలకే అవి అయిపోతాయి. రెండు మ్యాచ్‌ల రోజున సరిచూడటాన్ని గంటకు రెండుకు తగ్గించాను, అంటే 48. మొత్తం 948, మిగులు 52. మూడు మ్యాచ్‌ల రోజుకు మూడో మ్యాచ్ మామూలు వేగంతోనే నడుస్తుంది. ఏది మూడోది అన్నది ఇప్పటికి సెట్టింగ్స్ ఫైలులో చేత్తోనే రాస్తున్నాను.